ఓపల్ రాసిన అంకెలు

“...బ్రేకు తొక్కలేదంటావేంటి? మరి వెనక దీపాలెందుకు ఎర్రబడ్డాయి, నిన్ను చూసి సిగ్గేసిందా వాటికి?”

“కాలు జారింది వెర్లిన్.”

“ప్రతి ఆదివారం, సరిగ్గా గీత ముందే జారుతుందా నీ కాలు?”

“వయసు మీద పడుతోంది కదా. నీకు తెలీనిదా.”

కార్ల పందేల స్ట్రిప్ పక్కన, టైము స్లిప్పులిచ్చే చెక్క గది ముందు నిలబడ్డ మగవాళ్లు నవ్వారు. రాయిస్ పెల్ తన స్లిప్పును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. బుగ్గలోని పొగాకు ముద్దను పక్కకు నెట్టి, చేతిలో ఉన్న కాగితం గ్లాసులోకి ఉమ్మాడు.

“బ్రేకు తొక్కకూడదని రూలు పుస్తకంలో ఎక్కడుందో చూపించు. చూపిస్తే ఇవాళ్టి గెలుపు నీకే రాసిచ్చేస్తా.”

రూలు పుస్తకంలో లేదు. వెర్లిన్ స్ట్రిక్లర్‌కు ఆ సంగతి తెలుసు. నాలుగడుగుల దూరంలో నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డ అతని భార్య ఓపల్‌కూ తెలుసు. ఆమె రాయిస్ చేతిలోని గ్లాసునే చూస్తోంది. దాని అంచు నుంచి గోధుమరంగు చార ఒకటి అతని వేళ్ల మీదికి దిగుతోంది. అదే చేతిని అతను వెర్లిన్ వైపు చాచాడు. చుట్టూ జనం చూస్తున్నారు కాబట్టి వెర్లిన్ చెయ్యి కలిపాడు.

ఇంటికి చేరాక వెర్లిన్ వంటగది కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుని రెండుసార్లు కడుక్కున్నాడు. “ఛీ,” అన్నాడు తువ్వాలుతో తుడుచుకుంటూ. “అలా గెలిచే బదులు కారుని చెరువులోకి తోసేసి వస్తా.”

అది ఆగస్టు మాట.

ఓపల్‌కు అప్పుడు యాభై ఏడేళ్లు. మిస్సోరీ ఉత్తరభాగంలో, ఎటు చూసినా సోయా, మొక్కజొన్న తప్ప మరొకటి కనపడని చోట పుట్టింది. పుట్టిన ఇంటికి తొమ్మిది మైళ్ల దూరంలోనే కాపురం పెట్టింది. ఇరవై ఆరో ఏట ధాన్యం గోదాము కాటా గదిలో ఉద్యోగానికి చేరి, ఇంకా అక్కడే ఉంది. ట్రక్కు కాటా మీదికి రాగానే తూకం చూస్తుంది. పొడుగాటి ఇనుప గొట్టాన్ని గింజల్లోకి దించి, వచ్చిన గింజల్లో తేమ చూస్తుంది. చీటీ మీద అంకెలు రాసి ఇస్తుంది. ఆ అంకెల్లో ఏడుకు నడుము మీద చిన్న గీత ఉంటుంది, నాలుగు పైన విచ్చుకుని ఉంటుంది. ఓపల్ చీటీ తెచ్చిన ట్రక్కును గోదాము యజమాని మళ్లీ తూచి చూడడు.

పైన ఎండిన గింజలు పోసి అడుగున తడివి దాచి తెచ్చేవాళ్లు ప్రతి కోతలకూ ఉంటారు. గొట్టాన్ని ఎక్కడ దించాలో ఆమెకు తెలుసు. వెనక తలుపుకు ఎడమ మూల, నేలకు తగిలేదాకా. ఒకసారి పాస్టరుగారి తమ్ముడి ట్రక్కులో అలా దించితే గొట్టం నిండా నల్లబడి, ఒకదానికొకటి అంటుకుపోయిన సోయా వచ్చింది. పులిసిపోయిన ఆ వాసన సాయంత్రం స్నానం చేశాక కూడా ముక్కులోనే ఉంది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. పాస్టరుగారి తమ్ముడు మాత్రం మరుసటి ఆదివారం చర్చిలో ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చుని పాడాడు.

వెర్లిన్‌ను మొదట చూసింది కూడా కాటా మీదే. తండ్రి ట్రక్కు తోలుకుని వచ్చి, ఆమె గొట్టం తీయకముందే కిటికీలోంచి తల బయటపెట్టి, “అడుగున ఎడమ పక్క తడిగా ఉంటాయి, టార్పాలిన్ చిరిగింది. ముందే చెప్తున్నా,” అన్నాడు. పద్నాలుగు నెలలకు వాళ్ల పెళ్లయింది.

వెర్లిన్‌ది స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్కు పని. పొద్దున అయిదున్నరకల్లా కాఫీ మగ్గుతో ఒక్కో బస్సు వెనకా నిలబడి, “తొక్కు,” అని అరుస్తాడు. డ్రైవరు బ్రేకు తొక్కుతాడు. వెనక దీపాలు రెండూ వెలిగితే బస్సు కదులుతుంది, లేకపోతే లేదు. పదకొండు బస్సులు, ఏడాదికి నూట డెబ్బై పైచిలుకు రోజులు. తన గోధుమరంగు సెడాన్ కారును వారమంతా షెడ్డుకు నడుపుకుని వెళ్తాడు. నెలకు రెండు ఆదివారాలు అదే కారును స్ట్రిప్‌కు తీసుకెళ్తాడు. వెనక సీటులో సరుకుల సంచులు తీసేసి హెల్మెట్ పెట్టుకుంటే అది పందెం కారు.

ఆ స్ట్రిప్ మీద వేగంగా పోయే కారే గెలవాలని లేదు. దూరం అరపావు మైలు. దాన్ని తన కారు ఎన్ని సెకన్లలో దాటుతుందో ఎవరికి వాళ్లే ముందుగా చెప్పి, తెల్ల షూ పాలిష్‌తో కారు అద్దం మీద రాయాలి. ఒకడు తొమ్మిదని, ఇంకొకడు ఎనిమిదని రాస్తే, తొమ్మిది రాసినవాడికి పచ్చ దీపం ఒక సెకను ముందు పడుతుంది. ఆ తర్వాత గీత ముందు దాటినవాడిదే గెలుపు. ఒకటే షరతు: అద్దం మీద రాసుకున్న అంకె కంటే తక్కువ సమయంలో దాటితే ఓడినట్టే. తన కారు గురించి తాను నిజం చెప్పగలిగినవాడే గెలిచే ఆట ఇదొక్కటేనని వెర్లిన్ అంటుండేవాడు.

టైము దాచేవాళ్లూ ఉంటారు. తొమ్మిదిలో పోయే కారుకు తొమ్మిదింబావు అని రాసి, ముందు బయలుదేరి, గీత దగ్గరికి వచ్చాక పక్కవాడిని ఓరకంట చూసుకుంటూ బ్రేకు తొక్కి, రాసిన అంకె కంటే ఒక వెంట్రుకవాసి ఎక్కువ టైములో దాటేస్తారు. రాయిస్ మూడేళ్లు వరసగా అలాగే గెలిచాడు. బ్రేకు దీపాలు వెలిగినప్పుడల్లా చెక్క మెట్ల మీద కూర్చున్న జనం ఈలలేస్తారు. అతను చెయ్యి ఊపుతాడు.

ఓపల్ మొదట్లో ఆదివారం ఎండలో ఎందుకు కూర్చోవాలనుకుంటూనే వెళ్లింది. అక్కడి రెండు మరుగుదొడ్లు, వేసవిలో వాటి చుట్టూ ముసిరే ఈగలు, కాలిన రబ్బరు మసి అంటిన వేళ్లతోనే సాండ్‌విచ్ తినే మనుషులు, దేని గురించి మొదలుపెట్టినా పెళ్లాల దగ్గర తేలే వాళ్ల మాటలు, ఏవీ ఆమెకు ఇన్నేళ్లలో అలవాటు కాలేదు. కానీ అద్దం మీద అంకె ఆమే రాస్తుంది. రెండో ఏడు వెర్లిన్ రాసిన మూడును టైము చూసే పై గదిలో కూర్చున్నవాళ్లు ఎనిమిదనుకున్నారు. అప్పటినుంచి అంకె అతను చెప్తాడు, ఆమె రాస్తుంది. స్లిప్పు మీద ఉన్నదంతా నోటుబుక్కులోకి ఎక్కిస్తుంది. గాలి వేడి, టైర్లలో గాలి, సగం దూరానికి పట్టిన టైము, గీత దగ్గర టైము. ఇరవై ఆరేళ్లవి పద్నాలుగు పుస్తకాలు ఉన్నాయి. పందెం అయ్యాక పికప్ ట్రక్కులో పనిముట్ల పెట్టెతో అతని కారు వెనకే ఇంటికి వస్తుంది. దారిలో కారు ఆగిపోతే ఎవరో ఒకరు ఉండాలి కదా.

అన్నేళ్లలో వెర్లిన్ ఏడాది మొత్తం గెలుపుల లెక్కలో నాలుగుసార్లు రెండో స్థానంలో నిలిచాడు. మొదటివాడికి ఒక పొడుగాటి కప్పు ఇస్తారు. దానికంటే ముఖ్యమైనది, మరుసటి ఏడంతా తన అద్దం మీద ఒకటో నంబరు రాసుకునే హక్కు. ఆ ఒకటికి కింద అడ్డగీత పెట్టాలా వద్దా అని ఓపల్ చాలాసార్లు ఆలోచించింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు సెప్టెంబరులో రాయిస్ కారు గేరుబాక్సు విరిగింది. అక్టోబరు చివరి ఆదివారానికి లెక్కలో సమానంగా మిగిలింది ఇద్దరు. ఒకరు వెర్లిన్. రెండో మనిషి డీనా కాఫెల్ట్. పాల డెయిరీలో సీసాలు నింపే యంత్రం దగ్గర పనిచేసే ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి, వాళ్లమ్మ పాత కారుతో వస్తుంది. తన అంకెను వేలితో చెరిపి, మళ్లీ రాసి, దూరం నుంచి ఒకసారి చూసుకుంటే గాని కారెక్కదు.

పొద్దున తనిఖీలో వెర్లిన్ కారు వెనక తనిఖీ మనిషి నిలబడి, “తొక్కు,” అన్నాడు. దీపాలు రెండూ వెలిగాయి. రోడ్డు కార్ల తరగతిలో అది రూలు. రోడ్డు మీద పనిచేయాల్సినవన్నీ స్ట్రిప్ మీదా పనిచేయాలి.

మధ్యాహ్నం చివరి పందెం వరసలో ఓపల్ షూ పాలిష్ సీసా మూత తీసి అద్దం పక్కన నిలబడింది.

“నలభై ఎనిమిది రాయి,” అన్నాడు వెర్లిన్ లోపల్నుంచి. తొమ్మిది సెకన్ల సంగతి ఎలాగూ తెలిసిందే.

“ఇంత చలిలోనా? నీది ముప్పై ఆరు కారు కదా.”

“వేసవిలో. సెప్టెంబరు నుంచీ ప్లగ్గులు అరిగాయి కదా.”

“చల్లగాలికి కారు ఇంకా త్వరగా పోతుందని ఇరవై ఆరేళ్ల నుంచి నువ్వే చెప్తున్నావు.”

“మొదట్లో బానే ఉంటోంది. చివరికొచ్చేసరికి ఊపిరందట్లేదు దానికి. పొద్దుటి స్లిప్పులు నీ చేతిలోనే ఉన్నాయిగా, ఏముంది అందులో?”

ఒకదాని మీద 9.47, ఒకదాని మీద 9.49 ఉంది.

“నేనేం అనట్లేదు. అడిగానంతే.”

“రాయి ఓపల్. వెనక ఆగిపోయింది లైను.”

ఆమె 9.48 రాసింది. నాలుగు పైన విచ్చుకుని ఉంది. ఎనిమిదిలో రెండు సున్నాలూ గుండ్రంగా కుదిరాయి.

డీనా అద్దం మీద 8.71 ఉంది. వెర్లిన్‌కు పచ్చ దీపం ముందు పడింది. గోధుమరంగు కారు కదిలి కొంత దూరం పోయాక డీనా కారు లేచింది. ఓపల్ కంచె దగ్గర నిలబడి రెండు కార్ల వెనకభాగాలూ దగ్గరవుతూ పోవడం చూసింది. వెర్లిన్ కారు వెనక దీపాలు వెలగలేదు. చెక్క మెట్ల మీద ఎవరూ ఈల వేయలేదు. కారు పొడవులో మూడోవంతు తేడాతో వెర్లిన్ గీత దాటాడు. పై గదిలోంచి మైకు అతని టైము 9.49 అని చదివింది. ఓపల్ నోటుబుక్కును గుండెకు ఆనించుకుంది.

స్లిప్పుల గది దగ్గర డీనా వచ్చి వెర్లిన్‌కు చెయ్యిచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు మామూలుగానే ఉంది.

“మీ వెనక దీపాల మీదే పెట్టాను కళ్లు, మిస్టర్ స్ట్రిక్లర్. ఒక్కసారి వెలిగినా గోల చేద్దామనుకున్నా. వెలగలేదు. రాయిస్ చేతిలో అయితే ఇంటికెళ్లి గిన్నెలు పగలగొట్టేదాన్ని. మీ చేతిలో ఓడితే పర్లేదు.”

“నువ్వు బాగా నడిపావమ్మా,” అన్నాడు వెర్లిన్, హెల్మెట్ పట్టీ విప్పుకుంటూ.

“మిస్ ఓపల్, వచ్చే ఏడు మీరు నాక్కూడా రాసిపెట్టాలి. నా ఎనిమిది బాతులా వస్తుంది.”

“నీ ఎనిమిదికేం, బానే ఉంది,” అంది ఓపల్.

రాయిస్ కూడా వచ్చాడు. “మొత్తానికి ముసలాయన చేసేశాడయ్యా,” అని వెర్లిన్ వీపు మీద చరిచాడు. వెర్లిన్ నవ్వాడు. రాయిస్ ముట్టుకుంటే అతను నవ్వడం ఓపల్ అంతకుముందు చూడలేదు. గెలిచాడు కదా అనుకుంది. జనం చుట్టూ మూగి వీపులు చరుస్తూనే ఉన్నారు. ఎవరో ఫోటో తీశారు. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ కప్పు వెర్లిన్ కారులో పట్టలేదు. “నీ పక్కన కూచోబెట్టుకో,” అని దాన్ని తెచ్చి పికప్ ముందు సీటులో, మధ్యాహ్నం మిగిలిన చిక్కుడు గింజల కూర గిన్నె పక్కన పెట్టాడు.

వాళ్లు బయలుదేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. కోసేసిన సోయా చేల మధ్య మట్టిరోడ్డు రెండు మైళ్లు పోయాక హైవే తగులుతుంది. అక్కడ ఆగమనే ఎర్రపలక ఉంది. ఓపల్ కప్పు పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, వెర్లిన్ కారు వెనక దీపాల మీద దృష్టి పెట్టి వస్తోంది. పలక ఎక్కడుందో ఆమెకు తెలుసు. అయినా ముందు కారు ఆగేటప్పుడు ఎర్రగా వెలుగుతుందని కాలు ఎదురుచూస్తుంది కదా. వెలగలేదు. గోధుమరంగు డిక్కీ ఉన్నట్టుండి పెద్దదై ముందుకొచ్చింది. ఆమె రెండు కాళ్లతో బ్రేకు తొక్కింది. కంకర మీద ట్రక్కు జారి, కారు బంపరుకు మెత్తగా తగిలి ఆగింది. కూర గిన్నె మూత ఊడి, గింజలూ టమాటా రసమూ కప్పు మీద, సీటు మీద, ఆమె ఒడిలో పడ్డాయి.

వెర్లిన్ దిగి వచ్చాడు. “నిద్రపోయావా? పలక కనపళ్లేదా?”

“నీ దీపాలు వెలగలేదు.”

అతను బంపరు వైపు వంగి చూశాడు. దెబ్బ ఏమంత లేదు. “బల్బు పోయుంటుంది,” అన్నాడు వంగే.

“రెండూనా?”

వెర్లిన్ లేచి నిలబడ్డాడు గాని ఆమె వైపు తిరగలేదు.

ఓపల్ ట్రక్కును నాలుగడుగులు వెనక్కి తీసి ఆపి, దిగింది. లంగా మీద గింజలు దులపకుండానే కారు వెనక, రెండు దీపాలకూ సరిగ్గా మధ్యలో వచ్చి నిలబడింది. “ఎక్కి తొక్కు,” అంది.

“ఇంటికెళ్లాక చూద్దాం ఓపల్. వెనక ఎవరైనా వస్తే...”

“తొక్కు.”

అతను ఎక్కాడు. దీపాలు వెలగలేదు. ఆమె కదలలేదు. వెర్లిన్ తల స్టీరింగ్ కిందికి వంగడం వెనక అద్దంలోంచి కనిపించింది. బ్రేకు పెడలు పైన స్విచ్చుకు తీగ తగిలించే చోటు అక్కడే ఉంటుంది. టక్కుమని చిన్న చప్పుడైంది. తర్వాత రెండు దీపాలూ వెలిగి, ఆమె బూట్ల మీద ఎర్రటి వెలుగు పడింది.

హైవే మీద ఒక పశువుల లారీ పోయింది. దాని వాసన వాళ్లిద్దరి మీదుగా పోయింది. ఓపల్ వెళ్లి ట్రక్కు ఎక్కి, అతని కారు కదిలేదాకా ఆగి, ఎక్కువ ఎడం ఇచ్చి ఇంటిదాకా నడిపింది.

ఇంట్లో ఆమె బట్టలు మార్చుకోలేదు. వంటగది బల్ల మీద నోటుబుక్కు తెరిచి, తను రాసిన వాటినే వేలు పెట్టి చదివింది. జూలైలో ఒక పందెం: సగం దూరానికి 6.05, గీత దగ్గర 9.36. ఈ ఆదివారం: సగానికి 6.03, గీత దగ్గర 9.49. చలికి కారు సగందాకా త్వరగానే పోయింది. మిగిలిన సగంలోనే అంత టైము పట్టింది. పేజీ తిప్పింది. సెప్టెంబరు రెండో ఆదివారం అంతే. నాలుగో ఆదివారం అంతే. అక్టోబరు మొదటి పందెం కూడా అంతే. అన్నీ ఆమె చేత్తోనే రాసి ఉన్నాయి. ఏడు నడుముకు గీత ఉంది. రాసేటప్పుడు సగం దూరం అంకెను ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు, చెయ్యి మాత్రమే రాసింది.

వెర్లిన్ గుమ్మంలో నిలబడ్డాడు. “అందరూ చేసేదే,” అన్నాడు.

“అందరూ తీగ పీకుతారా?”

“మూడేళ్లు గెలిచాడు వాడు. ఈల వేసి చప్పట్లు కొట్టారు వాడికి. ఇరవై ఆరేళ్లు నేను నిజం రాసి ఏం చూశాను?”

“నువ్వు రాయలేదు. నేను రాశాను.”

“నీకేం కాదు. నీకు తెలీదు కదా.”

“గింజలకీ తెలీదు, పైనున్న వాటికి.” ఆమె నోటుబుక్కు మూసింది. “తీగ మళ్లీ పెట్టడం మర్చిపోయావు.”

“మిగతా సార్లు పెట్టాను. ఇవాళ అంతమంది చుట్టూ చేరేసరికి...”

“బస్సులన్నీ చూస్తావు పొద్దున్నే.”

అతను కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బు అందుకున్నాడు. ఆమెకు ఆగస్టులో అతను మోచేతులదాకా కడుక్కున్న తీరు గుర్తొచ్చింది. నీళ్ల చప్పుడు వినడం కూడా కష్టంగా అనిపించింది. నోట్లో పులిసిన రుచి తగులుతోంది. లంగాకు అంటిన గింజలు ఆరి గట్టిపడ్డాయి. ఒకదాన్ని గోటితో లాగి బల్ల మీద పెట్టింది.

“కప్పు తుడిచి లోపలికి తెస్తాను, సీటు పాడైపోతుంది,” అన్నాడు వెర్లిన్ నీళ్లు కట్టేసి. “అది తుడిచాక కూర్చుని మాట్లాడుకుందాం. ఒకటో నంబరు ప్రకటించే విందుకి ఇంకా మూడు వారాలుంది. రాయిస్‌కి కూడా తెలీదు ఈ సంగతి. మనిద్దరికే తెలుసు.”

అతను తలుపు దగ్గరికి వెళ్లేసరికి ఓపల్ లేచి, మేకుకు వేలాడుతున్న ట్రక్కు తాళాలు తీసి తన సంచిలో వేసుకుంది. నోటుబుక్కు కూడా అందులోనే పెట్టింది.

“కప్పు దించొద్దు,” అంది. “రేపు పొద్దున కాటాకి వెళ్లేముందు డీనా వాళ్లింటి దగ్గర ఆగుతున్నాను.”